సీసపు గుండ్లకు మైనం పూసిన చేయి

మా ఆయన మీద నాకింకా కోపం పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.

ఆయనకు చేపల పిచ్చి. తినడం కాదు, పట్టడం. వారమంతా బ్యాంకులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం పొద్దున్నే గేలాలు భుజాన వేసుకుని జెట్టీకి బయల్దేరతారు. గేలపు తాడు నీళ్ళలో మునగాలంటే సీసపు గుండ్లు కట్టాలి. కొట్లో అమ్మేవి ఆయన కంటికి ఆనవు. తువాస్ ఫ్యాక్టరీల్లో పనిచేసే స్నేహితుడొకాయన సీసం కరిగించి అచ్చుల్లో పోసి, అచ్చం తుపాకీ గుండ్లలాంటివి డబ్బా నిండా చేసి ఇచ్చేవాడు. వాటికి మైనం పూయకపోతే ఉప్పునీటికి తెల్లబడిపోతాయట, రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయట. ఆ పూత పని ఈ పరదేశంలో మేముండే టోవా పాయో ఫ్లాట్‌లో, వంటింటి గచ్చు మీద, శనివారం మధ్యాహ్నాలు జరిగేది.

తేనెమైనం, కొబ్బరినూనె ఒక స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళలో ఉంచి కరిగించేవాళ్ళం. చల్లారి లేపనంలా అయ్యాక వేలితో కాస్త తీసుకుని, గుండును బొటనవేలికీ రెండు వేళ్ళకీ మధ్య దొర్లిస్తూ పూయాలి. దాని చుట్టూ ఉన్న గాడుల్లోకి మైనం బాగా ఎక్కేలా వేలి కొసతో నొక్కాలి. తర్వాత సూపర్‌మార్కెట్ కరపత్రాల మీద వరసగా నిలబెట్టాలి. ఆయన పది పూసేలోగా నేను ముప్పై పూసేదాన్ని. ఆయన నీలం రంగు గ్లవ్స్ వేసుకుని కూర్చునేవారు. నేను నవ్వేదాన్ని.

"ఏంటండీ, కొత్త పెళ్ళికొడుకులాగా? జిడ్డంటుకుంటే అరిగిపోతారా?"

"నాకు పడదులే," అనేవారు.

అంతే అన్నారు. ఆ మాట నేను మరచిపోను.

ఆ పని నేనెందుకు చేశానంటే, వారం మొత్తంలో మేమిద్దరం ఫోన్లు పక్కన పెట్టి మాట్లాడుకునేది ఆ గంటన్నరే. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకది ఇష్టంగా ఉండేది. మధ్యలో మా అమ్మాయి ఆకలంటే లేచి, చేయి కుళాయి కింద పెట్టి, చీరకొంగుకో టవల్‌కో తుడుచుకుని అన్నం కలిపేదాన్ని. దానికి ఏడేళ్ళు. చెంచాతో తినమంటే నాలుగు మెతుకులు కెలికి వదిలేస్తుంది. ముద్దపప్పు, నెయ్యి కలిపి నా చేత్తో ముద్దలు పెడితే కంచం ఖాళీ. మైనం, నూనె కలిసిన జిడ్డు ఉత్త నీళ్ళకు పోతుందా? ఇన్నేళ్ళుగా వంట చేస్తున్నదాన్ని, ఆ మాత్రం తెలియదా నాకు? నా గోళ్ళ చుట్టూ నల్లటి గీత కనబడుతూనే ఉంది. పెనం మసి అనుకున్నాను.

పిల్లకు కడుపునొప్పి మొదలైంది. అన్నం వద్దనేది. బడి నుంచి వచ్చి సోఫాలో వాలిపోయేది. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, ఫలితం వచ్చాక మా ఇద్దరినీ పిలిపించింది. రక్తంలో సీసం ఉండకూడనంత ఉందట. ఇంట్లో ఎవరైనా సీసంతో పని చేస్తారా అని అడిగింది. లేదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. నాకు నిజంగానే ఆ గుండ్లు తట్టలేదు.

పక్కనుంచి ఆయనన్నారు. "ఫిషింగ్ వెయిట్స్ ఉన్నాయి డాక్టర్. బట్ ఐ ఆల్వేస్ వేర్ గ్లవ్స్."

డాక్టరమ్మ నా చేతుల వైపు చూసింది. నేనూ చూసుకున్నాను.

బస్టాపులో, జనం చూస్తున్నా లెక్కచేయకుండా అడిగాను. "మీకు ముందే తెలుసా?"

"ఆన్‌లైన్‌లో చదివా. కొంచెం కేర్‌ఫుల్‌గా ఉండాలని ఉంది, అంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంట్లో పెట్టనిస్తావా నువ్వు? మొత్తం పారేయమంటావు."

అవును, అంటాను. అనకుండా ఉంటానా? నేను వద్దంటానన్న భయంతో నా చేతికి విషం అప్పగించి, తన చేతులు మాత్రం దాచుకున్న మనిషిని నేనింకేమనాలి? ఆ రోజు బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు.

గుండ్లన్నీ ఇంట్లోంచి పోయాయి. గచ్చు నాలుగుసార్లు కడిగారు, ఆయనే. గ్లవ్స్ డబ్బా మాత్రం నేను పారేయనివ్వలేదు. అన్నం తినే బల్ల మీద, ఆయన కంచానికి ఎదురుగా పెట్టాను. రోజూ చూడాలి, ప్రతి ముద్దకీ చూడాలి అనుకున్నాను. పిల్లకు నేనే చెప్పాను, అమ్మ చేతిలోంచి నీకు చెడ్డది వెళ్ళిందమ్మా అని. అబద్ధం చెప్పలేకపోయాను. అప్పటి నుంచి అది చెంచాతోనే తినేది, కెలుకుతూ.

కొన్ని నెలల తర్వాత రెండో పరీక్షలో సీసం బాగా తగ్గింది. లిఫ్ట్ కోసం నిలబడి ఉన్నప్పుడు ఆయనన్నారు. "హమ్మయ్య. చూశావా, ఏం కాలేదు. ఇంక వదిలెయ్."

ఇంటికెళ్ళి ముద్దపప్పు వండాను. సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగి, గోళ్ళు బ్రష్‌తో తోముకుని, పిల్లను పిలిచాను. అది నా చేయి అందుకుని తిరగేసింది. ఒక్కో గోరూ చూసింది.

"అమ్మా, యూ వాష్ ప్రాపర్లీ ఆర్ నాట్?" అంది, ఇక్కడి బడి పిల్లల ఇంగ్లీషులో.

"కడిగానమ్మా."

బల్ల చివరికి వంగి, ఆ డబ్బాలోంచి ఒక నీలం గ్లవ్ లాగి నా ముందు పెట్టింది.

"వేర్ దిస్ లా. డాడీ ఆల్సో వేర్. దెన్ ఐ ఈట్."

గ్లవ్ తొడుక్కుని అన్నం కలిపాను. నెయ్యి ఎంత వేడిగా ఉందో వేళ్ళకు తెలియలేదు. ప్రతి ముద్దనూ ఊది పెట్టాను. పిల్ల మొత్తం తినేసింది. ఎదురుగా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు.