నల్ల అంచు రంగుల దుప్పటి

ఆర్డిస్ టోలెఫ్‌సన్‌కి చేతిపని ఏదీ ఒంటబట్టలేదు. చిన్నప్పుడు తల్లి సూదీ దారమూ చేతికిచ్చి కూర్చోబెడితే, తల్లి అటు తిరగ్గానే ఇది పోయి తండ్రి ట్రాక్టరు ఎక్కి కూర్చునేది. చక్రం పట్టుకుంటే తప్ప ఆమెకి చేతులు కుదురుగా ఉండేవి కావు. హాల్వర్‌ని పెళ్ళి చేసుకుని అతని పాడి ఆవుల మధ్యకి వచ్చాక, ఊళ్ళో బడి బస్సు నడిపేవాళ్ళు కావాలని తెలిస్తే, ఎవరినీ అడక్కుండా వెళ్ళి ఆ పనిలో చేరింది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం పడమటి కొసన, గాలికి అడ్డమన్నదే లేని ఆ దారుల్లో ఆమె బస్సు ఆలస్యమైన రోజు లేదు. మనిషి పెద్దది, గొంతూ పెద్దదే. ఎక్కే ప్రతి పిల్లకీ ఒక పేరు పెట్టేది. ఒకడు పకోడీముక్కు, ఒకడు నిద్రమొహం, ఒకతె దొరసాని. పిల్లలు ఆ పేర్లకే పలికేవాళ్ళు.

డెబ్బైల మొదట్లో, నవంబరు నెలాఖరున, ఇంటింటా టర్కీ కోడి కోసుకుని తినే థాంక్స్‌గివింగ్ పండగ సెలవులిచ్చిన సాయంత్రం అది జరిగింది. మంచూ వానా కలిసి కొడుతున్నాయి. ఎంగెబ్రెట్‌సన్ వాళ్ళ గేటు దగ్గర బస్సు ఆగింది. అక్కాచెల్లెళ్ళిద్దరు దిగారు, పెద్దది ట్రూడీ, చిన్నది రెనే. ఇద్దరికీ వాళ్ళమ్మ లావాన్ అల్లిన ఒకే రకం ఎర్ర టోపీలు. ట్రూడీ రోడ్డు దాటింది. చెల్లెలు రాలేదని సగం వెనక్కి వచ్చింది, రమ్మని చెయ్యి ఊపి మళ్ళీ గేటు వైపు పరిగెత్తింది. మంచు కారుతున్న అద్దంలోంచి ఆర్డిస్‌కి ఎర్ర టోపీ రెండుసార్లు రోడ్డు దాటినట్టు కనిపించింది. ఇద్దరూ వెళ్ళిపోయారనుకుంది. బస్సు కదిలించింది.

రెనే బస్సు ముందే ఉంది. బళ్ళో చేసిన కాగితం కోడి బొమ్మ గాలికి ఎగిరి చక్రం దగ్గర పడితే, తీసుకుందామని వంగింది. అది ట్రూడీ తర్వాత చెప్పిన మాట.

షెరీఫ్ వచ్చాడు, కొలతలు తీసుకున్నాడు, అద్దంలోంచి తనూ చూశాడు. "నీ తప్పేం లేదు" అన్నాడు. పాస్టరుగారూ అదే అన్నారు. బడి పెద్దలూ అదే అన్నారు. ఊళ్ళో కనిపించిన ప్రతివాళ్ళూ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆ మాటే అనేవాళ్ళు. వినగా వినగా ఆ మాట అర్థం పోయి, గడియారం చప్పుడులా మిగిలింది. అంత్యక్రియల రోజు ఆర్డిస్ చర్చిలో ఆఖరి బల్ల మీద కూర్చుంది. లావాన్ పక్కనుంచే నడిచి వెళ్ళింది. చూడలేదు. చూడకూడదని కాదు, ఆ రోజు ఆమె ఎవరినీ చూడలేదు.

ఆ తర్వాత ఆర్డిస్ వంటింటి బల్ల ముందు కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఏడుపు రావడానికి కూడా లోపల ఏదో కదలాలి కదా, అక్కడ ఏదీ కదల్లేదు. ముందు పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. కాఫీ వేడిగా ఉందో చల్లారిందో తెలిసేది కాదు. పొయ్యి మీద చెయ్యి కాలితే, హాల్వర్ చూసి చెప్పాకే తెలిసింది. హాల్వర్ మాటకారి కాదు. పొద్దున్నే లేచి ఆవుల దగ్గరికి పోయేవాడు, వచ్చి ఎదురుగా కూర్చునేవాడు, మళ్ళీ పోయేవాడు. పెళ్ళాం నవ్వుతో నిండిన ఇంట్లో బతికినవాడు, నవ్వు పోయాక ఆ ఇంట్లో ఎక్కడ నిలబడాలో తెలియని మనిషయ్యాడు.

అతని తల్లి బోర్గిల్డ్ పెరట్లోనే చిన్న ఇంట్లో ఉండేది. నార్వే నుంచి ఓడలో వచ్చినప్పుడు మోకాలెత్తు పిల్ల, ఇప్పుడు మోకాళ్ళు పట్టేసిన ముసలిది. నోరు మాత్రం ఏమీ పట్టెయ్యలేదు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఆవిడ మంచులో కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఒక అట్టపెట్టె తెచ్చి కోడలి ముందు కుమ్మరించింది. అంతా మిగులు ఊలు. స్వెట్టర్ల కొసలు, మేజోళ్ళ మిగుళ్ళు, ఎవరో సగంలో మానేసిన శాలువా. మధ్యలో ఒక క్రోషే సూది.

"పట్టుకో."

"నాకు రాదమ్మా." హాల్వర్ పిలిచినట్టే ఆర్డిస్ కూడా ఆవిడని అమ్మా అనే పిలిచేది.

"వస్తే నేర్పడం దేనికి? రాదనేగా ఈ మోకాళ్ళేసుకుని వచ్చాను."

"ఎందుకిది?"

"నువ్వట్లా కూర్చుంటే నా కొడుకు చిక్కిపోతున్నాడు. పట్టుకో."

అది ప్రేమతో అన్న మాటో దెప్పిన మాటో ఆర్డిస్ ఆలోచించలేదు. పట్టుకుంది. చెప్పకపోతే వదిలేది కూడా కాదు.

బోర్గిల్డ్ నేర్పింది బామ్మ చదరమనే అల్లిక. అక్కడి ఆడవాళ్ళలో దాన్ని అల్లని చెయ్యి ఉండదు. నడిమధ్య చిన్న సున్నా చుట్టి, దాని చుట్టూ మూడేసి అల్లికలు గుత్తులుగా వేస్తూ పోతారు. మూలకి వచ్చినప్పుడు ఒకే కంతలో రెండు గుత్తులు వేస్తే మూల తిరుగుతుంది. వరసకో రంగు. చివరి వరస ఏ చదరానికైనా నలుపే. అన్నీ నల్ల ఊలుతో కలిపితే దుప్పటి అవుతుంది.

మొదటి చదరం బల్ల మీద పెడితే గిన్నెలా పైకి లేచి కూర్చుంది. బోర్గిల్డ్ కళ్ళజోడు దించి చూసింది.

"ఇది చదరమా, కోడిపెట్టకి టోపీయా?"

గుమ్మంలో బూట్లు విప్పుతున్న హాల్వర్ పక్కున నవ్వబోయి, ఆర్డిస్ వైపు చూసి ఆగిపోయాడు. ఆర్డిస్ సూది వెనక్కి తీసి, అల్లినదంతా లాగేసి, మళ్ళీ మొదలుపెట్టింది. కోపం లేదు, సిగ్గూ లేదు. రెండోది వంకరగా వచ్చింది. ఆ తర్వాతది కాస్త నయం. క్రిస్మస్ వచ్చి పోయేసరికి ఆమె చదరాలకి మూలలు నిలబడ్డాయి.

రంగుల సంగతే బోర్గిల్డ్‌కి మింగుడుపడలేదు. ఆర్డిస్ పెట్టెలో చెయ్యి పెట్టి, ఏది తగిలితే అది తీసి అల్లేది. ఊదా పక్కన నారింజ, దాని చుట్టూ ఆవాల రంగు, ఆ పైన దగ్గుమందు గులాబి.

"కళ్ళు మూసుకుని తీస్తున్నావా ఏమిటే?"

"చూసి తీస్తే మాత్రం ఏం తేడా ఉంటుంది?"

ముసలావిడ నల్ల ఊలు ఉండ వెతికి కోడలి ఒళ్ళో పెట్టింది.

ఇంట్లో రంగులు పేరుకున్నాయి. కుర్చీ మీద చదరాలు, కిటికీలో చదరాలు, రొట్టెల డబ్బా మీద చదరాలు. ఒకరోజు హాల్వర్ వాటి మధ్య నిలబడి, "ఇవి చూసినవాళ్ళు నువ్వెంత సంబరంగా ఉన్నావో అనుకుంటారు" అన్నాడు. అన్నాక నాలిక కరుచుకుని ఆవుల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆర్డిస్ చేతిలో చదరం తిప్పి చూసుకుంది. నిజమే, సంతబజారులా ఉంది. తనకేమీ అనిపించలేదు.

చర్చి ఆడవాళ్ళ సంఘంలో యూనిస్ అనే ఆవిడ అప్పుడప్పుడూ ఊలు ముక్కలూ, ఖర్జూరం బిళ్ళలూ తెచ్చి కూర్చునేది. మంచిదే, కానీ నిశ్శబ్దం కనిపిస్తే అందులో ఏదో ఒకటి పోయందే ఉండలేదు. ఫిబ్రవరిలో ఒకనాడు చదరాలు దొంతులు పెడుతూ, "ఇంత అందంగా వస్తోంది, పూర్తయ్యాక లావాన్‌కి ఇస్తే బాగుంటుంది కదే. ఇద్దరి మనసులూ తేలికపడతాయి" అంది.

ఆర్డిస్ సూది ఆగింది. "ఏమని ఇవ్వను?"

"ఏమని ఏముంది..."

"నీ పిల్లని పొట్టన పెట్టుకున్నాను, ఈ దుప్పటి ఉంచుకో అనా?"

గొంతు పెంచలేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది. యూనిస్ తెచ్చిన బిళ్ళలు తినకుండానే లేచి కోటు వెతుక్కుంది. పొయ్యి దగ్గరున్న బోర్గిల్డ్ ఏమీ అనలేదు. అనకపోవడం చూసి అప్పుడే అనుమానించాల్సింది.

మార్చిలో దుప్పటి పూర్తయింది. నల్ల ఊలుతో చదరాలు కలపడం బోర్గిల్డే చేసింది, కోడలి కుట్టు మీద నమ్మకం లేక. దాన్ని సోఫా మీద పరిచారు. వారం తిరక్కుండానే, ఆర్డిస్ పంటి నొప్పికి హాల్వర్‌తో టౌనుకి వెళ్ళి వచ్చేసరికి సోఫా బోసిగా ఉంది. బోర్గిల్డ్ పొయ్యి దగ్గర నిలబడి, అవసరం లేకపోయినా సూపు కలుపుతోంది.

"ఎక్కడమ్మా దుప్పటి?" అని హాల్వర్ అడిగాడు.

"యూనిస్ కారులో వెళ్ళి ఇచ్చొచ్చాం. లావాన్ ఇంట్లో లేదు. గుమ్మంలో పెట్టొచ్చాం."

హాల్వర్ తల్లి మీద ఎన్నడూ గొంతెత్తని కొడుకు. ఆ రోజు అరిచిన అరుపుకి పాలగదిలో పిల్లి కూడా పారిపోయింది. "నీకెవరు చెప్పారు? అది నీదా ఇవ్వడానికి? ఆవిడ ఎట్లా ఉందో ఒక్కసారైనా ఆలోచించావా, దీనికెట్లా ఉంటుందో ఆలోచించావా?"

"ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి కదరా" అంది ముసలావిడ. "మీరిద్దరూ చెయ్యట్లేదు. నేను పోయేలోగా ఎవరో ఒకరు చెయ్యాలి కదా."

ఆర్డిస్ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. "సూపు అడుగంటుతోందమ్మా" అంది. హాల్వర్‌కి తల్లి చేసిన పని కంటే ఆ మాటకే ఎక్కువ భయం వేసింది.

మంచు కరిగి దారులన్నీ బురదైన రోజుల్లో, ఒక శనివారం పొద్దున లావాన్ ఎంగెబ్రెట్‌సన్ పికప్ వ్యాను వాకిట్లో ఆగింది. లోపల ట్రూడీ కూర్చుని ఉంది. లావాన్ ఒక్కతే దిగింది. చంకలో మడత పెట్టిన దుప్పటి. ఆర్డిస్ మెట్ల మీదికి వచ్చింది. లోపలికి రమ్మనాలని తెలుసు, తలుపు తెరిచి పట్టుకుంది, అంతే. లావాన్ రావడానికి చూడనూ లేదు. బురదలోనే నిలబడింది.

"ఇది నా ఇంట్లో ఉండలేదు ఆర్డిస్."

"నేను పంపలేదు."

"తెలుసు. మీ అత్త సంగతి ఈ చుట్టుపక్కల తెలియందెవరికి?" దుప్పటి మెట్టు మీద పెట్టింది. "ట్రూడీ కప్పుకుంది, ఎవరిదో తెలియక. బాగుందమ్మా అంది. తెలిశాక మడతపెట్టి నా చేతికిచ్చింది. అందుకని తెచ్చాను."

ఆర్డిస్ తలూపింది.

"పాస్టరుగారు క్షమించమంటున్నారు. నా వల్ల కావట్లేదు. నీ తప్పు లేదని నాకు తెలుసు. అయినా కావట్లేదు. రెండూ నిజమే, ఏం చెయ్యను?" లావాన్ దుప్పటి మడత సర్దింది. "నువ్వు కొట్లో నన్ను చూసి అటు సందులోకి తప్పుకుంటావు. అట్లా చెయ్యకు. నన్ను చూసి ఊరంతా తప్పుకుంటోంది. నువ్వైనా నిలబడు."

"నిలబడతాను."

వెళ్తుందనుకుంటే వెళ్ళలేదు. వ్యాను వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ రోజు బస్సులో అది ఏం చేసింది? బడిలో టీచరు అంతా చెప్పింది. ఇంటికొచ్చేదాకా ఏం చేసిందో ఎవరూ చెప్పలేదు. ట్రూడీని అడగలేను. ట్రూడీ ఎప్పుడూ బస్సు చివర్న కూర్చునేది. రెనే నీ వెనకే కూర్చునేది కదా."

ఆ సాయంత్రం గురించి ఆర్డిస్‌ని అందరూ అడిగారు. బ్రేకు సంగతి, అద్దం సంగతి, రోడ్డు సంగతి. ఈ మాట ఎవరూ అడగలేదు. ఆమె తనని తాను కూడా అడగలేదు. మెట్టు మీద కూలబడింది.

"నా సీటు వెనకే నిలబడింది. కూర్చోవే అంటే కూర్చోదు. ఎంత వేగం వెళ్తున్నామో చూస్తానంది. నేను దాన్ని ఇన్‌స్పెక్టరూ అని పిలిచేదాన్ని, అన్నీ తనిఖీ చేస్తుందని."

"నిన్నూ ప్రశ్నలు అడిగేదా?"

"ఊపిరాడనిచ్చేది కాదు. టర్కీ కోడికి ఈత వచ్చా అని అడిగింది. నాకు తెలియదన్నాను. బస్సు నడుపుతావు, అదీ తెలియదా అంది. కాగితం కోడి చేసింది కదా, దానికి నీలం ఈకలు వేసింది."

"నీలమా?"

"మట్టిరంగు క్రేయాను పక్కపిల్ల విరగ్గొట్టిందట. అయినా నీలమే బాగుందిలే, దీన్నెవరూ కోసుకుని తినరు అంది."

లావాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో, భుజాలు కదిలాయి. "అది అట్లాగే అంటుంది" అంది. "ఇంకా?"

ఆర్డిస్ చెప్పింది. పాడిన పాట చెప్పింది, పాట తప్పుగా పాడిందని చెప్పింది, చేతి తొడుగు కొరికి తడిపేసిందని చెప్పింది. చెప్పేకొద్దీ ఇంకా గుర్తుకొచ్చాయి. గేటు దగ్గర బస్సు ఆగిన చోట ఆమె ఆగింది. లావాన్ కూడా అక్కడే ఆపమన్నట్టు చెయ్యెత్తింది. వ్యానులో ట్రూడీ అద్దం దించి, "అమ్మా, చలి" అని పిలిచింది. లావాన్ వెళ్ళిపోయింది. ఆర్డిస్ మెట్టు మీదే ఉండిపోయింది. చేతులు చలికి నొప్పెడుతున్నాయని ఆమెకి తెలిసింది.

వాళ్ళిద్దరూ స్నేహితురాళ్ళయ్యారని ఎవరైనా చెబితే నమ్మకండి. కొట్లో ఎదురైతే ఆర్డిస్ నిలబడేది. లావాన్ తలూపేది, లేదా ఊపేది కాదు. ఆర్డిస్ మళ్ళీ బస్సు నడపలేదు. ఆ సెప్టెంబరులో బడి వంటగదిలో పనికి కుదిరింది, బంగాళదుంప ముద్ద వడ్డించే పని. ట్రూడీ పళ్ళెం పట్టుకుని వచ్చేది, చూసేది కాదు. చలికాలం వచ్చాక ఒకరోజు పళ్ళెం జరపకుండా, "ఇంకొంచెం" అంది. ఆర్డిస్ ఇంకొంచెం వేసింది. పాత గొంతూ, పాత నవ్వూ తిరిగి రాలేదు. పిల్లలకి పేర్లు పెట్టడం మానేసింది. అల్లడం మాత్రం మానలేదు. కానీ ఇప్పుడు పెట్టెలో చూసి తీసేది.

ఆ దుప్పటి సోఫా మీదే ఉండేది. మరుసటి ఏడాది జనవరిలో, ఇనుము కూడా విరిగే చలిలో, తెల్లవారాక ఒక ఆవు ఈనింది. దూడ లేవలేదు. హాల్వర్ పరిగెత్తుకొచ్చి, చేతికి దొరికింది లాక్కుని పోయాడు. బోర్గిల్డ్ కిటికీలోంచి చూసి లబలబలాడింది.

"ఒరే! అంత దుప్పటి! దూడకా? గోనె దొరకలేదట్రా నీకు?"

మధ్యాహ్నానికి హాల్వర్ దాన్ని మోసుకొచ్చాడు. ఉమ్మనీరు, పేడ, గడ్డి, అన్నీ అంటుకుని రంగులు కనిపించడం లేదు. తప్పు చేసినవాడిలా గుమ్మంలోనే ఆగాడు. ఆర్డిస్ దాన్ని రెండు చేతులతో అందుకుంది. బరువుగా, ఇంకా వెచ్చగా ఉంది.

"దూడ బతికిందా?" అని అడిగింది.

"బతికింది. లేచి నిలబడింది."

"అయితే సరే" అని, దుప్పటి తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది.