ఆంటీ మిషన్‌లో గట్టి బోల్టు

చలికాలం వస్తోందంటే మా ట్రాయ్ ఊళ్ళో అందరికీ మంచు భయం. నాకు ఒక బోల్టు భయం. చిటికెన వేలంత కూడా ఉండదు. ఏళ్ళ తరబడి దాన్ని మోస్తున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పుకోవడం కొంచెం తేలిక.

ముందు మా పక్కింటి డాక్టర్ ఆంటీ గురించి చెప్పాలి. ఆపరేషన్లకి మత్తుమందు ఇచ్చే డాక్టరుగా చేసి రిటైరయ్యారు. అంకుల్ పోయాక ఒక్కరే ఉండేవారు. ఊరికే కూర్చునే మనిషి కాదు. ఫ్రీ క్లినిక్‌కి వెళ్ళి ఇన్సూరెన్స్ లేనివాళ్ళని చూసేవారు. మంచు పడిందంటే నైటీ మీద స్నో ప్యాంటు, నెత్తిన మంకీ క్యాప్ తగిలించుకుని, మంచుని ఎగజిమ్మే పెట్రోలు మిషన్, స్నో బ్లోవర్‌ని బయటికి తీసేవారు. తన డ్రైవ్‌వే, మాది, ఎదురింటి ముసలాయనది కూడా శుభ్రం చేసిపెట్టేవారు.

ఆ మిషన్‌ని ఆవిడ చూసుకునే తీరు చూసి తీరాలి. అక్టోబరులో ఆయిల్ మార్చే ముందు ఇంజను కాసేపు నడిపేవారు, వెచ్చబడితేనే పాత ఆయిల్ మడ్డితో సహా దిగుతుందని. స్పార్క్ ప్లగ్ తీసి వెలుతురులో తిప్పి తిప్పి చూసేవారు. సీజన్ అయ్యాక ట్యాంకులో పెట్రోలు చుక్క మిగలనిచ్చేవారు కాదు, నిలవుంటే జిగురుగట్టి మిషన్ గొంతు పట్టేస్తుందని. మంచుని బయటికి చిమ్మే గొట్టంలో మంచు ఇరుక్కుంటే ఇంజను ఆపి కర్రతోనే తీయాలి. "చెయ్యి పెట్టినవాళ్ళకి మత్తిచ్చింది నేనే" అనేవారు.

మంచుని లోపలికి లాక్కునే పెద్ద బ్లేడు ఒకటుంటుంది. దాన్ని ఇరుసుకి పట్టి ఉంచేవి రెండు మెత్తటి పిన్నులు, షియర్ పిన్నులు. గట్టిదేదైనా తగిలితే ముందు పిన్ను విరుగుతుంది. విరగడమే దాని పని. అది విరిగి గేర్ బాక్సుని కాపాడుతుంది. వాటిని కూడా ఆంటీ ఏటా ఊడదీసి, గ్రీజు రాసి మళ్ళీ పెట్టేవారు. నేను కార్ల గేర్ బాక్సులు టెస్ట్ చేసే ఇంజినీర్ని. నా కారుకి ఆయిల్ ఎప్పుడు మార్చానో నాకు గుర్తుండదు.

ఆ డిసెంబరులో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. మనవాళ్ళం కదా, మైనస్ డిగ్రీల్లో కూడా చెప్పులు గడప బయటే. కథ అయ్యేసరికి మంచు కురిసి బూట్లన్నీ దానికింద కప్పడిపోయాయి. ఆంటీ వడ్డనలో ఉన్నారు. "నేను క్లియర్ చేస్తానాంటీ" అని మిషన్ తెచ్చి తోలాను. ఒక బూటు బ్లేడులో పడింది. పిన్ను టప్పున విరిగింది. అది మా ఆయన బూటే కావడం నా అదృష్టం. ముక్కలు ట్రాష్‌లో కుక్కేశాను. రెండో బూటు ఏమైందని ఇప్పటికీ అడుగుతుంటాడు.

ఆంటీని అడిగితే కొత్త పిన్ను ఇచ్చేవారు. అడిగితే చెప్పాలి కదా! మా టూల్ బాక్సులో సరిగ్గా ఆ సైజుకి ఒక స్టీల్ బోల్టు దొరికింది. అది విరగదని నాకు తెలుసు. నాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రేపు మార్చేద్దాం అనుకుని బిగించి, మిషన్ తిరిగి ఇచ్చేశాను. రేపు ఎల్లుండి అయింది. బద్ధకమా, సిగ్గా? రెండూనేమో.

ఫిబ్రవరిలో రోడ్డు మీద మంచు నెట్టే ప్లౌ బండి వచ్చి ఆంటీ డ్రైవ్‌వే చివర ఐసు గడ్డలు పోగేసి పోయింది. ఆంటీ మిషన్‌ని వాటి మీదకి తోలారు. బోల్టు విరగలేదు. గేర్ బాక్సు పగిలింది. గేర్ల సంగతి తెలిసినదాన్నని ఆవిడ నన్నే పిలిచారు. గరాజ్‌లో స్టూలు మీద కూర్చుని ఆ బోల్టు నా చేతిలో పెట్టారు.

"ఇది షియర్ పిన్ కాదు కదమ్మా?"

"కాదాంటీ. మామూలు స్టీల్ బోల్టు."

"నువ్వైతే చచ్చినా ఇలాంటిది పెట్టవు. గ్రీజ్ చేసేటప్పుడు నేనే పెట్టేసి ఉంటాను. అస్సలు గుర్తు రావట్లేదు తల్లీ."

"అయ్యుండొచ్చాంటీ. ఈ వయసులో ఎవరికైనా జరుగుతుంది," అన్నాను.

ఈ వయసులో! ఆ మాట నాకెందుకు వచ్చింది? బోల్టు పెట్టడం బద్ధకమే అనుకుందాం. మరి ఇది?

ఆ వారమే ఆంటీ క్లినిక్ మానేశారు. పిన్నుకి బదులు బోల్టు పెట్టిన చెయ్యి, ఒక మందుకి బదులు ఇంకో మందు రాయదని ఏమిటి నమ్మకం అన్నారు. తన మీద తనకి అనుమానం రాగానే పేషెంట్లకి దూరంగా జరిగిపోయిన ఆ మనిషికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. తప్పు నాదని తెలిసి కూడా నేను మాత్రం ఉన్నచోటునుంచి కదల్లేదు, ఆవిడ వీడ్కోలుకి కేకు కూడా కొనుక్కెళ్ళాను. తర్వాత ఆంటీ ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి, దక్షిణాన క్యారీ అనే ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ ఊడ్చేంత మంచే పడదు. మిషన్‌ని బాగుచేయించి నాకిచ్చి వెళ్ళారు.

ఆవిడ నేర్పినట్టే చూసుకుంటున్నాను. నిన్న పిన్నులు తీస్తుంటే ఫోన్ చేశారు. ఎడం వైపుది బిగుసుకుని ఉంటుంది, మెల్లగా తట్టు అన్నారు. నిజంగానే బిగుసుకుని ఉంది. కొత్తవి కాఫీ డబ్బాలో, ప్లగ్ రెంచ్ కింద పెట్టానన్నారు. అక్కడే ఉన్నాయి. ఎదురింటాయనకి కుడి మోకాలు నొప్పి తగ్గిందా అని అడిగారు. చివర్లో నవ్వుతూ, "నాకేం గుర్తుంటుందిలే తల్లీ, అన్నీ నువ్వే చూసుకో" అన్నారు.

"అలాగేనాంటీ" అని చేతికున్న గ్రీజు గుడ్డకి తుడుచుకున్నాను. అప్పుడు కూడా చెప్పలేదు.

ఆంటీకి మతిమరుపు లేదు. అప్పుడూ లేదు. ఆ బోల్టు బిగించింది నేను. ఇన్నేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న మాట ఇవాళ బయటికొచ్చింది, వినాల్సిన మనిషి దగ్గర కాకపోయినా.