ఎవరింటికి పోనాది?

గూడేనికి కరెంటు తీగ లాగుతారన్న కబురు మాకు మొదట తెచ్చింది సోమి. ఇప్పటికీ ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయే చప్పుడు వింటే, ఆ రోజు ఆయాసపడుతూ మా గుమ్మంలో నిలబడ్డ సోమి, మా అన్నమ్మ పిన్ని నవ్వు గుర్తుకొస్తాయి.

ఇనుపగనుల ఊరు బచేలిలో కొండ కింది రైల్వే క్వార్టర్లు మావి. జబ్బు పిల్లనని నన్ను బడికి పంపలేదు. విజయనగరం వైపు నుంచి వచ్చిన గార్డుగారి భార్య, పక్కింటి అన్నమ్మ పిన్ని, తన ప్రార్థన పుస్తకంలోంచే నాకు అక్షరాలు నేర్పింది. మా అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టే వేళకు మా ఇంట్లోనే పాఠం మొదలయ్యేది. ఆవపల్లి వైపు నుంచి గని పనికి వచ్చిన దోర్ల గిరిజనుల పిల్ల సోమి నాకు తోడు. కానీ పాఠం సగంలోనే లేచి వెళ్ళిపోయేది. చీకటి పడితే దిగువనున్న వాళ్ళ గూడెం దారిలో ఎలుగుబంట్లు తిరిగేవి, ఇంటికి వెళ్ళి చదువుకుందామంటే అక్కడ కరెంటు లేదు. మా వరుసలో ఎవరైనా "కరెంటు పోయింది" అని విసుక్కుంటే పిన్ని, "ఎవరింటికి పోనాది?" అని తమ వైపు యాసలో అడిగేది. అందరం నవ్వేవాళ్ళం.

సోమి తెచ్చిన కబురులో ఒక మెలిక ఉంది. "కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెడ్తరంట. మీ లైన్ల కాయిల్ హీటర్లే కరెంటంత తింటున్నయంట, అవి బంద్ జేస్తెనే మా దాకా తీగ గుంజుతరంట. లేకుంటే నా సదువు ఏంది పిన్నీ?"

హీటర్లు మానేద్దామని పిన్ని అడిగితే కుళాయి దగ్గర ఆడవాళ్ళు మండిపడ్డారు. ముసురు రోజుల్లో వేణ్ణీళ్ళు లేకుండా ఎలా అన్నారు. ఎదురింటి రత్నమ్మగారు, "నీ పుణ్యం సరేనమ్మా, నా నడుం నొప్పికి నీళ్ళెవరు కాస్తారు?" అంది.

"నాను కాస్తాను. నీ వీపు కూడా తోమమంటావేటి?" అంది పిన్ని.

ఆ రోజే తన హీటరు పీకి వసారాలో పడేసింది. ఆ వానాకాలమంతా తడికట్టెలు ఊదుకుంటూ నీళ్ళు కాచి, బకెట్టు ఎదురింటికి మోసింది. కళ్ళు ఎర్రబడ్డాయి, మోకాళ్ళు వాచాయి. ప్రార్థనకు మోకరించాలంటే నేను చెయ్యి అందించవలసి వచ్చేది. వానలు వెనకబట్టేసరికి రత్నమ్మగారే తన హీటరు తెచ్చి పిన్ని వసారాలో పెట్టింది. ఆవిడ వెనకే మిగతా ఇళ్ళు.

తీగ కలిపే సాయంత్రం మా వరుసంతా కరెంటు ఆపేశారు. చీకట్లో రత్నమ్మగారు అలవాటుగా, "కరెంటు పోయింది" అని నిట్టూర్చింది. పిన్ని గూడెం వైపే చూస్తోంది. కాసేపటికి దిగువన చెట్ల సందుల్లో దీపాలు వెలిగాయి. గూడెంలో డోలు మోగింది.

"ఎవరింటికి పోనాది రత్నమ్మా?" అంది పిన్ని మెల్లగా.

"మన సోమి ఇంటికి," అంది రత్నమ్మగారు, పైటతో ముఖం తుడుచుకుంటూ.

ఆ దీపం కింద చదివిన సోమి ఇప్పుడు అదే గూడెం బడిలో పంతులమ్మ. దేవుడు నాకిచ్చిన వాటిలో ఆ పొరుగు మొదటిది. చదివేవారికి ఒక్కటే మనవి. మీ ఇంట్లో కరెంటు పోతే, తిట్టుకునే ముందు, ఎవరింటికి పోయిందో అనుకోండి. అనుకున్నప్పుడు మా అన్నమ్మ పిన్నిని తలుచుకోండి.