యాభై ఎనిమిదికి ఒప్పుకున్న మెల్లగక్క

డయాలసిస్ వార్డులో ఆమెను అందరూ మెల్లగక్క అంటారు. వ్యాను తలుపు తీసి, మెట్టు దించి, ఒక్కొక్కరి భుజం కింద చెయ్యి వేసి "మెల్లగా, మెల్లగా" అంటూ దించుతుంది కాబట్టి ఆ పేరు. పదహారేళ్లుగా ఆసుపత్రి వ్యాను నడుపుతోంది. ఎవరి ఇంటి ముందు గుంత ఉందో, ఎవరిని ఏ చెయ్యి పట్టుకుని దించకూడదో, బ్రేకు కాస్త గట్టిగా వేస్తే ఎవరికి కడుపులో తిప్పుతుందో ఆమెకు కంఠతా వచ్చు.

అలాంటి మనిషి అతివేగానికి పట్టుబడిందంటే వార్డులో ఎవరూ నమ్మలేదు. నిజానికి ఆ రోజు ఆమె వేగంగానే నడిపింది. డయాలసిస్ అయినవాళ్లను ఇళ్లకు దింపుతుండగా, సగం దారిలో వెనకసీటు ముసలావిడ ఒళ్లు చల్లబడి పక్కకు ఒరిగింది. మెల్లగక్క వ్యానును వెనక్కి తిప్పింది. ఫ్లైఓవర్ దిగే చోట హద్దు యాభై. స్పీడు ముల్లు యాభై దాటి అరవైకి దగ్గరగా వెళ్లడం ఆమె కళ్లారా చూసింది. చూసి కూడా కాలు తీయలేదు.

దిగువన ట్రాఫిక్ అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. సన్నగా తుంపర పడుతోంది.

"లోపల మనిషికి బాగోలేదండీ, ఆసుపత్రికి వెళ్లాలి" అంది.

అతను తొంగి చూశాడు. పాపం, చలానా తొందరగానే రాశాడు. "ఇక్కడ సంతకం పెట్టి వెళ్లిపోండమ్మా" అన్నాడు. ఆమె చదవకుండా గీకేసి వెళ్లిపోయింది. సెలైన్ పెట్టాక ముసలావిడ గంటలో తేరుకుంది.

చలానాను ఆ సాయంత్రం ఆమె భర్త చదివాడు. ఆయన దర్జీ, పాతబట్టలు సరిచేసే పని. అంకెలంటే పట్టింపు ఎక్కువ.

"ఎనభై అయిదా?" అన్నాడు కళ్లద్దాలు పైకి తోసి. "నీ వ్యాను ఎనభై అయిదులో వెళ్తే డోర్లు ఊడి రోడ్డు మీద పడతాయి కదే!"

యాభై ఎనిమిది కాస్తా కాగితం మీద తిరగబడి ఎనభై అయిదయింది. నవ్వుకునే సంగతే, కానీ హద్దుకు ముప్పై పైన దాటితే లైసెన్సు ఆపేస్తారు. కేసు తేలేదాకా వ్యాను ఎక్కనివ్వకూడదని ఆసుపత్రి రూలు. మర్నాడే రవాణా సూపర్వైజరు ఆమె దగ్గర తాళాలు తీసుకుని, దుప్పట్లు మడతపెట్టే గదికి పంపాడు.

"మీ మీద నాకు నమ్మకం లేక కాదక్కా" అన్నాడు. "రూలు అలా ఉంది."

ఆమె చలానా పట్టుకుని ట్రాఫిక్ కోర్టుకు వెళ్లింది. గుమాస్తా ఒక ఫారం ఇచ్చాడు. అందులో రెండే గడులు. నేరం ఒప్పుకుంటున్నాను. నేరం ఒప్పుకోవడం లేదు.

"నేను వేగంగా వెళ్లింది నిజమేనండి. కానీ ఇంత వేగం కాదు. అదెక్కడ రాయాలి?"

"మధ్యలో గడి లేదమ్మా."

"మరి నేనేం చెయ్యాలి?"

"రెండింట్లో ఒకటి టిక్కు పెట్టాలి. వెనక జనం ఉన్నారు, జరగండి."

ఒళ్లు మండిపోయింది ఆమెకు. ఫారం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

డయాలసిస్ వార్డులోనే మూడో మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు. ముప్పై ఏళ్లు కోర్టులో టైపు కొట్టి రిటైరైనవాడు. అందరికీ టైపిస్టు బాబాయి. దుప్పటి కప్పడానికి వచ్చిన మెల్లగక్క మొహం చూసి సంగతి అడిగాడు. విన్నాక, సూది లేని చేత్తో లెక్క పెడుతున్నట్టు వేళ్లు మడిచాడు.

"ఒప్పుకోవడం లేదు అన్న గడిలోనే టిక్కు పెట్టు. లేకపోతే ఎనభై అయిదు నీ నెత్తిన కూర్చుంటుంది. ఆ వేగం కొలిచే మిషను ఉంది చూడు, దాని నుంచి చీటీ వస్తుంది. దాని నకలు కావాలని అర్జీ పెట్టు. అర్జీ ఇచ్చినట్టు ముద్ర వేయించుకో. ముద్ర లేనిదే అక్కడి నుంచి కదలకు. కోర్టులో అడిగినదానికే జవాబు చెప్పు. నీ పదహారేళ్ల సర్వీసు, నీ మంచితనం అక్కడెవరికీ అక్కర్లేదు."

"అబద్ధం ఆడాలా బాబాయిగారూ?"

"ఆడమన్నానా? అడగనిది చెప్పకు అన్నాను, అంతే."

చీటీ కోసం ఆమె ట్రాఫిక్ కార్యాలయం చుట్టూ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. మొదటి అర్జీ వేరే కౌంటరులో ఇచ్చావన్నారు. రెండో అర్జీలో మిషను నంబరు లేదన్నారు. ఆ నంబరు ఎక్కడుంటుందంటే, చీటీ మీద ఉంటుందన్నారు. ఆ మాటకు ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కౌంటరు అద్దం ముందు అలాగే నిలబడిపోతే, చివరికి లోపలి నుంచి ఒకావిడ జాలిపడి రిజిస్టరు తిరగేసి నంబరు చెప్పింది. మూడో అర్జీకి చీటీ నకలు చేతికొచ్చింది.

ఈలోగా ఆమె బదులు వచ్చిన డ్రైవరు వేసే బ్రేకుల గురించి పేషెంట్ల నుంచి రోజూ ఫిర్యాదులే. "మళ్లీ ఎప్పుడొస్తావక్కా?" అని పొద్దున్నే గుమ్మంలో అడిగేవారు. "వాయిదా అయ్యాక" అనేది. చేతిలో దుప్పటి అంచులు కలవకపోతే దులిపి మళ్లీ మొదటి నుంచి మడతపెట్టేది.

మొదటి వాయిదాకు తొమ్మిదింటికే వెళ్లి ఒంటిగంట దాకా బెంచీ మీద కూర్చుంది. ట్రాఫిక్ అధికారి సెలవులో ఉన్నాడని మూడు వారాలు వాయిదా వేశారు. రెండోసారి అధికారి వచ్చాడు, ఫైలు రాలేదు. పక్క హాలుకు వెళ్లిందట. పక్క హాలు తలుపు పది అడుగుల దూరంలో కనిపిస్తోంది.

"నేను వెళ్లి తెచ్చుకోనా?" అంది బంట్రోతుతో.

"అలా తేకూడదమ్మా" అన్నాడు అతను. మరో నెల పోయింది.

మూడోసారి భర్త కూడా దుకాణం మూసి వచ్చాడు. పేరు పిలవగానే ఆమె చీటీ తీసుకుని ముందుకు వెళ్లింది. జడ్జి ఒక నడివయసు ఆవిడ. ముందు గుట్టగా ఫైళ్లు. అభియోగం చదివించి, "ఏమంటారు?" అంది.

"ఒప్పుకోనండీ. చీటీ తెచ్చాను."

జడ్జి చీటీ చూసి, చలానా చూసి, రెండూ అధికారికి అందించింది.

"ఈ చేతిరాత మీదేనా?"

"నాదేనండి." అతను చీటీని వెలుతురుకు పట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "యాభై ఎనిమిదేనండి. ఆ రోజు తుంపర పడుతోంది... తిరగేసి రాసినట్టున్నాను."

"ఇన్నాళ్లూ సరిచూసుకోలేదా?"

"ఎవరూ అడగలేదండి."

మెల్లగక్క అర్జీలు ఇచ్చిన కౌంటరుకు పై అంతస్తులోనే అతని బల్ల ఉంది. మెట్లెక్కి ఒక్కరు అడిగి ఉంటే సరిపోయేదన్నమాట.

ఎనభై అయిదు అన్న అభియోగం కొట్టేస్తున్నానని జడ్జి రాసుకుంది. కలం ఆపి, "మరి ఈ యాభై ఎనిమిది సంగతి?" అని తలెత్తింది.

వెనక నుంచి భర్త దగ్గాడు. ఊరుకోమని అర్థం.

"దానికి ఒప్పుకుంటానండీ" అంది ఆమె. "వెనకసీటులో పేషెంటు పడిపోయింది. తెలిసే తొక్కాను."

జడ్జి అతి తక్కువ జరిమానా వేసి, లైసెన్సుకు ఇబ్బంది లేదంది.

ఆమె కదలలేదు. "అమ్మా, రెండున్నర నెలలు నన్ను వ్యాను ఎక్కనివ్వలేదు. అక్కడ పేషెంట్లు అవస్థ పడ్డారు. దానికి ఎవరిని అడగాలి?"

"అది ఈ కోర్టు పరిధిలోకి రాదమ్మా" అంది జడ్జి, కాస్త మెత్తగానే. బంట్రోతు అప్పటికే తర్వాతి పేరు పిలిచేశాడు.

ముద్ర వేసిన నకలు చేతికి రావడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. అది చూస్తేగానీ సూపర్వైజరు తాళాలు ఇవ్వలేదు.

టైపిస్టు బాబాయికి మాత్రం కోపం తగ్గలేదు. "అంకె కొట్టేశాక ఇక నీ మీద ఏముంది? నోరు మూసుకుని ఉంటే దర్జాగా బయటికి వచ్చేదానివి. ఇంత చెప్పి పంపితే!"

"నడిపింది నేనే కదండీ."

"నడిపావు, సరే. ఆ రెండున్నర నెలలు తిరిగి ఇచ్చారా?"

ఆ ప్రశ్న ఆమెను కూడా తినేస్తూనే ఉంది. గెలిచానని ఇంట్లో చెప్పుకోబుద్ధి కాలేదు, ఓడిపోయానని అనుకోబుద్ధీ కాలేదు.

నాలుగు రోజులు చూసి, ఒక మధ్యాహ్నం కాగితం, కలం తెచ్చి మూడో మంచం పక్కన స్టూలు వేసుకుంది. చలానాతో పాటే మిషను చీటీ కూడా అక్కడికక్కడే చేతికివ్వాలని ట్రాఫిక్ కార్యాలయానికి ఉత్తరం. బాబాయి కళ్లు మూసుకుని చెబుతుంటే ఆమె రాసింది. దాన్ని కౌంటరులో ఇచ్చి ముద్ర వేయించుకుంది.

నెలన్నర దాటినా జవాబు రాలేదు. రెండో ఉత్తరం మొన్ననే పెట్టింది.