పోలక్క వెనక్కి పిలిచిన దీపాలు

పోలక్క అసలు పేరు అపొలోనియా. అంత పేరు పెట్టి పిలిచే ఓపిక మా ఊళ్ళో ఎవరికీ లేదు. బ్రదా నది వంపు తిరిగేచోట లాప్‌టాప్‌లు బాగుచేసే పెద్ద షెడ్డు ఉంది. అందులో ఆమెదీ నాదీ ఒకే షిఫ్టు. నేను పెట్టెల్ని ఎత్తి దించే బండి తోలేవాణ్ణి. ఆమె షెడ్డు వెనక, కిటికీలు లేని ఇటుకల గదిలో పనిచేసేది. ఆ గదిని అందరూ శవాలగది అనేవాళ్ళు. ఆ పేరు పెట్టినవాడి నోరు పడిపోను, అతికినట్టు సరిపోయింది.

ఆ ఏడాది ఒక పెద్ద కంపెనీ తను అమ్మిన బ్యాటరీలన్నిటినీ వెనక్కి రమ్మంది. తయారుచేసేటప్పుడు కొన్నిటి లోపల ఇసుక రేణువంత లోహపు నలుసు పడిందట. అది లోపలి పొరను గుచ్చుకుంటూ గుచ్చుకుంటూ ఎప్పుడో ఒకరోజు చిల్లు పెడుతుంది. ఆ రోజు బ్యాటరీ భగ్గుమంటుంది. నలుసు దేనిలో పడిందో, దేనిలో పడలేదో పైకి తెలిసే దారి లేదు. అందుకే మంచీ చెడూ కలిపి అన్నిటినీ పిలిచారు.

ఎక్కడెక్కడి దేశాల నుంచో పెట్టెలు ఆ గదికి వచ్చేవి. పోలక్క ఒక్కో బ్యాటరీని బయటికి తీసి, కొసలకు టేపు అంటించి, ఉబ్బిందేమోనని వేలితో నిమిరి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. పాడైన బ్యాటరీ తియ్యటి వాసనేస్తుంది, గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు. అలాంటిది పొడి ఇసుక పోసిన ఇనప డబ్బాలోకి పోయేది. వాసన లేనిది అర మీదకి ఎక్కేది. లారీ నిండేదాకా అవన్నీ అక్కడే కూర్చుని, ఆ తర్వాత ముక్కలు చేసే కార్ఖానాకి పోయేవి. హీటరు వేసిన ఉదయాల్లో అరల మీద ఏదో ఒకటి టిక్కుమనేది. కాసేపాగి అవతలి మూలన ఇంకోటి పలికేది. నేను పెట్టె దించి వెనక్కి చూడకుండా వచ్చేసేవాణ్ణి. పోలక్క మాత్రం వాటి మధ్యనే కూర్చుని రొట్టె, ఊరేసిన దోసకాయ తినేది.

"నీకు భయం వేయదా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"మనుషులకంటే ఇవే నయంరా గెర్వాజీ. తగలబడే ముందు వాసనైనా వేస్తాయి" అంది నములుతూ.

ఆమెకు మండేదల్లా బ్యాటరీలు పంపనివాళ్ళ మీద. కంపెనీ ఎన్ని ఉత్తరాలు రాసినా చాలామంది పంపలేదు. మాది బాగానే పనిచేస్తోంది కదా అనేవాళ్ళట. "బాగానే పనిచేస్తోందంట! ఒళ్ళో నిప్పు పెట్టుకుని కూర్చున్నారు, బుద్ధిలేని జనం" అని పోలక్క ఇసుక డబ్బా మూత ధడాలున వేసేది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు సెవెరిన్ రెండు చలికాలాల ముందు నదిలో పోయాడు. ఎలా పోయాడో ఊళ్ళో తలో మాటా చెప్పుకునేవాళ్ళు, ఆమె మాత్రం ఎప్పుడూ నోరు విప్పలేదు. మా దగ్గర సమాధి మీద దీపం లేదంటే, చచ్చినవాడికి నా అనేవాళ్ళు లేరని లెక్క. గాజు గ్లాసులో మైనం దీపం పెడతాం. మా నది గాలికి అది నిలవదు. పోలక్క షిఫ్టు దిగి సమాధుల తోటకి పరుగెత్తేది. దీపం ఆరిపోయి కనిపించిందా, మర్నాడు పనిలోకి వచ్చిన ఆమె మొహం చూడలేకపోయేవాళ్ళం.

అరల మీది బ్యాటరీలను చూసీ చూసీ చివరికి ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఒక్కో బ్యాటరీలో బొటనవేలంత గుండ్రటి సెల్లులు వరసగా ఉంటాయి. వాసన లేని బ్యాటరీ ఒకటి ఇంటికి పట్టుకుపోయి, విప్పి, ఒక సెల్లుకి బటాణీగింజంత తెల్ల బల్బు తగిలించి గాజు గ్లాసులో పెట్టింది. ఒక్కసారి ఛార్జి చేస్తే నెల దాటినా వెలుగుతోంది. వానకి ఆరదు, గాలికి ఆరదు.

"ఇది దొంగతనం అక్కా" అన్నాను మొహమ్మీదే.

"ముక్కలు కొట్టేదాన్ని తెచ్చుకుంటే దొంగతనమేంట్రా, నీ మొహం. కంపెనీ వాళ్ళకి లారీ తూకం తప్ప ఏం పట్టింది?"

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఊరు చూసింది. మా ఆయనకొకటి, మా అమ్మకొకటి అని అడిగారు. పోలక్క చెయ్యి పెద్దది, కాదనలేదు. ఎండాకాలం వచ్చేసరికి సమాధుల తోటలో ఎటు చూసినా ఆమె దీపాలే. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం అవి నచ్చేవి కావు. మైనం దీపం రెపరెపలాడుతుంది, ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. ఇవి కదలవు. పొద్దువాలాక ఆ గేటు ముందు నుంచి పోతుంటే, లోపల పడుకున్నవాళ్ళంతా రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నట్టు ఉండేది.

అక్టోబరు నడుమ ఒక ఉదయం, ముసలి హియెరోనిమ్ తన పెళ్ళాం ఒటీలియా సమాధి మీద రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. పొగమంచు దట్టంగా ఉంది. ఆయన అలవాటు కొద్దీ ఒటీలియాతో ఊళ్ళో కబుర్లు చెబుతున్నాడు. బతికుండగా ఆమె ఆయన్ని రెండు మాటలు పూర్తిగా మాట్లాడనిచ్చేది కాదు, వేలు పెదాల మీద పెట్టి ష్ష్ అనేది. ఆ ఉదయం సమాధి మీది నుంచి అచ్చం అలాగే వినిపించింది.

"ష్ష్‌ష్ అంది! నా మీద ఒట్టు, ఒటీలియానే!" అని ఆయన సారా కొట్టులో చేతికి కట్టుతో కూర్చుని వచ్చినవాడికల్లా చెప్పాడు. "ఏంటే అని వంగాను. తియ్యటి వాసన. అది సెంటు పూసుకుని ఎన్నేళ్ళయిందో! అంతలో గ్లాసు పగిలి మంట ఎగిరింది. మీసం పోయింది."

అంతా నవ్వారు. వెనక బల్ల దగ్గరున్న పోలక్క మాత్రం నవ్వలేదు. తియ్యటి వాసన అన్న మాట వినగానే చేతిలోది బల్ల మీద పెట్టేసింది. లేచి నేరుగా సమాధుల తోటకి పోయింది. నేనూ వెనకే వెళ్ళాను. ఆమె నల్లగా మాడిన సెల్లుని తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది తెచ్చిన రోజు వాసనే లేదురా" అంది. "సకల పునీతుల పండగ లోపల అన్నీ తీసెయ్యాలి. ఆ రోజు సమాధులకి దీపాలు పెట్టడానికి ఊరు ఊరంతా పిల్లలతో సహా ఇక్కడే ఉంటుంది."

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగింది. ఇసుక బకెట్లు పట్టుకుని నేను వెనకాల. ఆమె ఇన్నాళ్ళూ ఎవరిని తిట్టిపోసిందో వాళ్ళ మాటలే ప్రతి గుమ్మంలోనూ వినిపించాయి. మాది బాగానే వెలుగుతోంది కదా, మాదానికేం రోగం, ఒకటి కాలితే అన్నీ కాలతాయా! పైగా సమాధి మీద వెలుగుతున్న దీపాన్ని ఆర్పడం మా దగ్గర మహాపాపం. ఫాదర్ విటోల్డ్ పూజలో అందరికీ నచ్చజెప్పాడు. కానీ తన తల్లి సమాధి మీది దీపాన్ని తీయడానికి ఆయనకే చేతులు రాలేదు, ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

అందరికంటే గడుసుది కునెగుండ. ఆమె భర్త సమాధి సెవెరిన్ పక్కనే ఉంది.

"మా ఆయన దీపం ఆర్పడానికి నువ్వెవరే?" అని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కావాలంటే పద్ధతిగా చెయ్యి. పాత దీపంతో కొత్త దీపం అంటించి, అప్పుడు పాతది తీసుకుపో. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అలాగే చేస్తాను."

"దీనితో ఎలా అంటుకుంటుందే? బల్బుతో వత్తి అంటుకుంటుందా?"

కునెగుండ గుమ్మంలోంచి పక్కకి జరిగింది. "అంటే ఇన్నాళ్ళూ నా మొగుడి నెత్తిన పెట్టింది దీపమే కాదన్నమాట!" అని అప్పటికప్పుడు వెళ్ళి దాన్ని పీకి పోలక్క చేతిలో కుక్కింది. ఆమె నోరు చాలు, సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది. దీపాలు తెచ్చి పోలక్క వాకిట్లో విసిరేసి పోయారు. దొంగదీపాలు పెట్టించిందని తిట్టారు కూడా. ఆమె తలవంచుకుని ఒక్కోదాన్నీ ఇసుకలో పాతిపెట్టింది. ఆ బకెట్ల లోంచి కూడా అప్పుడప్పుడూ టిక్కుమని వినిపించేది.

"నీది తీశావా అక్కా?" అని అడిగాను.

"ఎప్పుడో తీసేశా" అంది.

పండగ ముందు రోజు మధ్యాహ్నం మా అమ్మ సమాధి రాయి కడగడానికి వెళ్ళాను. పొగమంచులో నా చేతిలో బ్రష్షే నాకు సరిగ్గా కనిపించడం లేదు. అయినా తోట చివర, నది వైపు, ఒక తెల్లటి చుక్క కదలకుండా ఉంది. దాన్నే చూసుకుంటూ దగ్గరికి వెళ్ళాను. పోలక్క మోకాళ్ళ మీద కూర్చుని సెవెరిన్ రాయి తుడుస్తోంది. దీపం వెలుగుతోంది.

"తీసేశానన్నావు."

"అన్నాను."

"రేపు పక్క సమాధి దగ్గరికి కునెగుండ మనవరాలు వస్తుంది. చిన్నపిల్ల. తీసెయ్యక్కా."

"ఇది అన్నిటిలోకీ ఏరి తీసిందిరా. మంచిది. నా ముక్కు మీద నమ్మకం లేదా?"

"మంచిదేదో తెలిస్తే కంపెనీ అన్నిటినీ ఎందుకు రమ్మంటుంది? ఊరందరికీ నువ్వు చెప్పిన మాటేగా ఇది!"

ఆమె గుడ్డ పిండింది. చాలాసేపు పిండుతూనే ఉంది.

"ఆ రోజు వాడు అవతలి గట్టు నుంచి, గడ్డకట్టిన నది మీదుగా నడిచి వస్తున్నాడు. ఇలాంటి పొగమంచే. ఎప్పుడూ మా వాకిట్లో లైటు చూసుకుంటూ వచ్చేవాడు. ఆ బల్బు మాడిపోయింది. రేపు మారుద్దాంలే అనుకున్నాను. బద్ధకం, అంతే. వాడు లైటు కోసం వెతుక్కుంటూ నీళ్ళు సరిగా గడ్డకట్టని వైపు పోయాడు." తల ఎత్తి నా వైపు చూసింది. "వాడి దీపం ఇంకోసారి ఆర్పమంటావా గెర్వాజీ?"

నేనే తీసి పడేద్దామా అనిపించింది, కానీ ముట్టుకోలేదు. ఇంటికి వచ్చేశాను.

పండగనాడు బకెట్టులో ఇసుక పోసుకుని వెళ్ళాను. ఊరంతా అక్కడే ఉంది. చామంతులు, మైనం పొగ, కొత్త కోట్లు, పిల్లల గోల. పోలక్క సెవెరిన్ సమాధికి ఆనుకుని, దీపానికీ పక్క సమాధికీ మధ్య కాపలా కూర్చుంది. నా బకెట్టు చూసి మొహం తిప్పుకుంది. కునెగుండ మనవరాలు తాత దీపం వెలిగిస్తానని మారాం చేసి, అగ్గిపెట్టె తీసుకుని వంగింది. దాని జడ పోలక్క మోచేతికి తగులుతోంది.

అప్పుడు పోలక్క ముక్కుపుటాలు అదిరాయి. నాకు ఏ వాసనా తెలియలేదు. ఆమెకు తెలిసింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత చెయ్యి చాచి గ్లాసుతో సహా దీపాన్ని తీసి గుండెకు హత్తుకుంది, పిల్లకు వీపు పెట్టి. దీపం ష్ష్‌ష్ అంది. ఆమె రెండు చేతుల్తో దాన్ని నా బకెట్టులోకి తోసి, ఉత్త చేతుల్తోనే ఇసుక కప్పింది. ఇసుక లోంచి తెల్లటి పొగ లేచింది, మంట ఒకసారి నాలుక చాపి పోయింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. పిల్లకేం కాలేదు. పోలక్క అరచేతులు బొబ్బలెక్కాయి.

తోటంతా దీపాలు రెపరెపలాడుతున్నాయి, సెవెరిన్ సమాధి ఒక్కటే నల్లగా ఉంది. కునెగుండ తన సంచి లోంచి మైనం దీపం తీసి, అగ్గిపుల్ల పట్టుకుని ముందుకు వచ్చింది. పోలక్క ఆమెను చూడలేదు. లేచి నిలబడింది. నది వైపు తిరిగింది. అక్కడ పొగమంచు తప్ప ఏమీ లేదు.

"సెవెరిన్!" అని కేకేసింది, ఆటలో మునిగిన పిల్లాణ్ణి అన్నానికి పిలిచినట్టు. "నాయనా, దీపం లేదురా! నా గొంతు వినిపిస్తోందా? ఇటు రా. ఇటు, ఇటు. నేనిక్కడున్నాను!"

కునెగుండ చేతిలో పుల్ల గీయకుండానే ఉండిపోయింది. పోలక్క ఆగింది, చెవి ఒగ్గింది, మళ్ళీ పిలిచింది. మూడో కేకకి ఆమె గొంతు బొంగురుపోయి మాట బయటికి రాలేదు.

అప్పుడు కునెగుండ నది వైపు తిరిగి వాడి పేరు పెట్టి పిలిచింది. తర్వాత హియెరోనిమ్ పిలిచాడు. తర్వాత నేనూ పిలిచాను.