ఒకరి కవరు మీద ఒకరి సంతకం

డెల్ఫా వికాండర్ కోటు జేబులో రెండు ఉత్తరాలున్నాయి. ఒకటి ఆమెది, ఒకటి మొగుడిది. నిన్న మధ్యాహ్నం పోస్టు డబ్బాలోంచి తీసింది మొదలు వాటిని ఎక్కడా పెట్టలేదు, ఎవరికీ చూపించలేదు. ఇవాళ శనివారం. అగ్నిమాపక దళం హాల్లో ఏటేటా పెట్టే పాన్‌కేకుల విందుకి లోయలోని జనమంతా వచ్చి కూర్చున్నారు. హాలంతటా ఒకటే గోల, ఓట్ల లెక్కలో ఆగిపోయిన ఆ రెండు కవర్లు ఎవరివని.

సంగతేమిటంటే, పోలీసు పని చూసే షెరీఫు కార్యాలయం ఖర్చుకని ఇళ్ల మీద, భూముల మీద అదనపు పన్ను వెయ్యాలా వద్దా అని బిటర్ క్రీక్ కౌంటీలో ఓటు పెట్టారు. పన్ను నెగ్గకపోతే ఆపద ఫోన్లు ఎత్తే గది జూన్ ఆఖరుకి మూతపడుతుంది. ఆ ఫోన్లన్నీ తొంభై మైళ్ల అవతలి పట్నానికి పోతాయి. ఆ గదిలో ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్నది డెల్ఫా. ఈ లోయ జనానికి ఇంటి నంబరు చెప్పడం చేతకాదు. "కాలిపోయిన గోదాము దాటాక" అంటారు, "ఆర్నీ గుర్రం పడిపోయిన మలుపు దగ్గర" అంటారు, అదీ ఏడుస్తూ. డెల్ఫాకి అర్థమవుతుంది. పట్నంలో ఎవడికి అర్థమవుతుంది, వాళ్ల తలకాయ!

లెక్కపెడితే అవుననేవీ కాదనేవీ సరిసమానంగా తేలాయి. సమానమైతే పన్ను ఓడినట్టే. సంతకం కలవక ఇంక మిగిలినవి రెండే కవర్లు. ఇక్కడ ఓటు కాగితం పోస్టులో ఇంటికే వస్తుంది. గుర్తు పెట్టి, తన పేరున్న కవర్లో పెట్టి, అంటించి, పైన సంతకం చేసి పంపాలి. డెల్ఫా, ఆమె మొగుడు ఓరెన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఎవరి కాగితం వాళ్ల కవర్లోనే పెట్టారు. అంటించాక డెల్ఫా మాటల్లో పడి ఆయన కవరు తన ముందుకి లాక్కుని, తన కవరు ఆయన ముందుకి తోసింది. ఇద్దరూ చూసుకోకుండా గీకేశారు. ఇప్పుడు మంగళవారం సాయంత్రం ఐదులోగా ఎవరికి వాళ్లొచ్చి సంతకం సరిచేసుకోకపోతే వాళ్ల ఓటు చెల్లదని ఎన్నికల గుమాస్తా ఇద్దరికీ చెరో ఉత్తరం రాసింది.

డెల్ఫా ఓటు అవునని. ఓరెన్ ఓటు కాదని. ఆయనేమీ దాచలేదు. "పెళ్లాం ఉద్యోగం కోసం ఊరందరి నెత్తిన పన్ను రుద్దలేను" అని మొహం మీదే అన్నాడు. డెల్ఫా ఒక్కతే వెళ్తే ఆ గది నిలబడుతుంది. ఇద్దరూ వెళ్తే మళ్లీ సమానం, అంతా అయిపోయినట్టే.

పెద్ద పెనం దగ్గర ఓరెన్ పాన్‌కేకులు తిరగేస్తున్నాడు. పక్కన ఆయన స్నేహితుడు గ్రేడీ. రెండేళ్ల కిందట ట్రాక్టరు కింద కాలు నలిగినప్పుడు డెల్ఫా పంపిన అంబులెన్సే వాణ్ని బతికించింది. అయినా కాదనే వేశాడు, మహానుభావుడు.

"ఎవరో మొగుడూ పెళ్లాలట్రా," అన్నాడు గ్రేడీ. "సంతకం పెట్టడం కూడా రాని సన్నాసులు!"

"అలాంటోళ్లకి ఓటెందుకురా అసలు?" ఓరెన్ పగలబడి నవ్వాడు. "డెల్ఫా, నీకు తెలీనివాళ్లు ఉండరుగా. ఎవరై ఉంటారంటావ్?"

ఆమె సిరప్ జగ్గు బల్ల మీద పెట్టింది. "నీ పాన్‌కేకు మాడుతోంది, చూసుకో," అంది.

హాలు మూల కట్టెల పొయ్యి మండుతోంది. ఆయన ఉత్తరం అందులో పడేస్తే చాలు, అడిగేవాడు లేడు. పొయ్యి దాకా నడిచింది. పొయ్యి తలుపు తెరిచింది కూడా. మొహానికి వేడి కొట్టింది. ఇరవై రెండేళ్లలో తనని తిట్టినవాడి ఫోనూ, తాగి వాగినవాడి ఫోనూ, ఆఖరికి తన తమ్ముణ్ని చితకబాదినవాడి ఫోనూ ఎత్తి, అందాల్సినవాళ్లకి అందించింది. ఒక్క కబురు కూడా తన దగ్గర ఆపుకోలేదు. పాడు అలవాటు! తలుపు మూసేసింది.

ఓరెన్‌ని వెనక గుమ్మం బయటికి పిలిచి ఉత్తరం చేతిలో పెట్టింది.

"ఆ సన్నాసులం మనమే."

ఆయన రెండుసార్లు చదివాడు. మొహంలో నవ్వు పోయింది.

"ఎప్పుడొచ్చింది?"

"నిన్న."

"నాకివ్వకుండా ఊరుకోవచ్చుగా?"

"ఊరుకోవచ్చు."

ఓరెన్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చేతికంటిన పిండి ఏప్రాన్‌కి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆదివారం, సోమవారం ఇంట్లో ఆ ఊసే లేదు. మంగళవారం నాలుగింటికి ఓరెన్ అడక్కుండానే ట్రక్కు బయటికి తీశాడు. ఎన్నికల గుమాస్తా కూర్చునే కోర్టు భవనంలో డెల్ఫా ముందుగా సంతకం చేసింది. వెనక్కి తిరిగితే ఆయన టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. గడియారం ఐదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఊరికే నన్ను దింపడానికే వచ్చాడేమో, అనుకుందామె. ఆ ఆశకి ఒళ్లంతా వేడెక్కింది.

ఓరెన్ నడిచొచ్చి గుమాస్తాని పెన్ను అడిగాడు. పేరంతా మెల్లగా, పొల్లు పోకుండా రాశాడు. గుమాస్తా డెల్ఫా వైపు చూడలేక తల దించుకుంది.

ట్రక్కులో కూర్చున్నాక ఆయనే నోరు విప్పాడు. "నువ్వు దాచలేదు కదా డెల్ఫా. ఇంక నేను రాకుండా ఎగ్గొడితే ఏం బాగుంటుంది? జన్మంతా నన్ను చులకనగా చూసేదానివి."

"లేదు ఓరెన్," అంది డెల్ఫా. "నువ్వు రాకపోయుంటే, నేనంటే నీకు ప్రేమనుకునేదాన్ని."

ఆయన తాళం పెట్టాడు గానీ తిప్పలేదు.

ఆరింటికి ఆమెకి డ్యూటీ ఉంది. జూన్ ఆఖరు దాకా ఇంకా ఉంటుంది.

"నన్ను ఆఫీసు దగ్గర దింపు," అంది.