ఆరో స్పీకర్

ముందే చెప్తున్నాను, ఇది కల్పించింది కాదు. పిల్లల మీద ఒట్టు వేసే అలవాటు నాకు లేదు, నా మీదే వేసుకుంటాను. ఆ మరక తుడిచింది నేను. ఈ చేతులతో. ఇప్పటికీ అన్నం కలిపే ముందు రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కుంటున్నాను.

మాది సూరత్‌లో అమ్రోలి. మా నాయన నలభై ఏళ్ళు పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేశాడు. ఆ మోతకు చెవులు పోయాయి. కుక్కర్ విజిల్ కూడా వినపడదు. చెవి మిషన్ పెట్టిస్తే రెండు రోజులు పెట్టుకుని తీసి డబ్బాలో పడేశాడు, చెవిలో మళ్ళీ మగ్గం ఆడుతున్నట్టుందని. ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చుంటే ఆయన టీవీ చూడడు, మా ముఖాలు చూస్తాడు. మేం నవ్వితే తనూ నవ్వుతాడు... ఒక్క క్షణం ఆలస్యంగా. అది చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది.

అందుకే మేడమీద గదిని హోం థియేటర్ చేశాను. గోడలకు ఫోమ్ అతికించాను, కిటికీ మూయించాను, ఐదు స్పీకర్లు కొన్నాను. మిగిలింది రిసీవర్. ఏ స్పీకర్‌లో ఏది వినపడాలో పంచిపెట్టే పెట్టె అదే. షాపులో చూపించినవాళ్ళందరూ గోడలు అదిరిపోతాయని గొప్పలు చెప్పారు. నాకు గోడలు అదరక్కర్లేదు. మాటలు వచ్చే మధ్య స్పీకర్‌ను ఒక్కదాన్నే విడిగా, బాగా పెంచుకోగలిగితే చాలు. అలాంటిది కొత్తది కొనాలంటే నా జీతానికి అందదు. వాడినది ఒకటి మా ఊళ్ళోనే వరాఛా పేటలో అమ్మకానికి ఉందని ఫోన్‌లో కనిపించింది. వెళ్ళాను.

ఎవరో వజ్రాల వ్యాపారి ఇల్లు. ఆయన కొడుకు గది తెరిచి చూపించాడు. అడుగు పెట్టగానే వాసన... మావా వాసన. వక్క, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి నలిపి నములుతారే, అది. గదిలో ఒకే ఒక్క సోఫా. దాని వెనక గోడ మూలంతా ఎర్రగా, మందంగా, పొరలు పొరలుగా ఉమ్మి. వాళ్ళ నాన్న పగలూ రాత్రీ ఇక్కడే కూర్చునేవాడట. లేచే ఓపిక ఉండేది కాదట. పోయిన నెల చనిపోయాడట. అది చెప్తూ చెప్తూ ఈ కొడుకు కూడా ఒక మావా నోట్లో వేసుకున్నాడు. అంత ఉన్నవాళ్ళు, ఒక డబ్బా పెట్టుకుని అందులో ఉమ్మలేరా! నేను ముక్కు మూసుకుని, రిసీవర్ పనిచేస్తోందా లేదా అని మాత్రం చూశాను. మాట ఖంగుమని వినిపించింది. అంతే, మురిసిపోయాను. అసహ్యంతో దాన్ని తిప్పి కూడా చూడకుండా గోనెపట్టాలో చుట్టుకుని వచ్చేశాను. అదే నేను చేసిన తప్పు.

మర్నాడు పొద్దున మూత విప్పాను. గాలి రంధ్రాల నిండా గోధుమరంగు జిగురు. లోపల బొద్దింక రెక్కలు, వాటి గుడ్లు, ఉండ చుట్టుకున్న నెత్తి వెంట్రుకలు. ఒక మూల అట్టముక్కలా ఎండిపోయిన బల్లిపిల్ల. పాత బనీన్లు చింపి స్పిరిట్ పోసి తుడిచాను. గుడ్డ ఎర్రగా వచ్చింది. ఇంకో గుడ్డ తీసుకున్నాను. అదీ ఎర్రగానే వచ్చింది. రెండుసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తి కక్కుకున్నాను. నా భార్య లావణ్య గడప దగ్గరే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది. "గిది ఇంట్ల పెట్టకుండ్రి, మీకు దండం పెడ్త" అని కిందికి పోయింది. ఆమె మాట వినాల్సింది.

ఇలాంటి రిసీవర్‌తో ఒక చిన్న మైకు వస్తుంది. మనిషి కూర్చునే చోట, తల ఎత్తున దాన్ని పెట్టాలి. రిసీవర్ ఒక్కో స్పీకర్ నుంచి ఒక కూత వదులుతుంది. మైకు అది విని ఏ స్పీకర్ ఎంత దూరంలో ఉందో పట్టుకుంటుంది. కాకపోతే ఆ కాసేపూ చీమ చిటుక్కుమనకూడదు. మా వీధి చివర మగ్గాల షెడ్లు రాత్రింబవళ్ళు ఆడుతూనే ఉంటాయి. వారానికి ఒక్కరోజే సెలవు. అందుకే ఆ సెలవు రాత్రి దాకా ఆగాను.

ఫ్యాన్ ఆపాను. కింద ఫ్రిజ్ కూడా ఆపించాను. నాయన కుర్చీలో బిందె బోర్లించి దాని మీద మైకు నిలబెట్టాను. బటన్ నొక్కాను. టుయిప్... టుయిప్... ఆగిపోయింది. గదిలో శబ్దం ఎక్కువగా ఉంది, మళ్ళీ ప్రయత్నించమని టీవీ మీద వచ్చింది.

ఏం శబ్దం? నా ఊపిరి తప్ప ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. మూడోసారి ఊపిరి కూడా బిగబట్టాను. అయినా అదే. ఈలోగా పెట్టె వేడెక్కింది. వాసన మొదలైంది... తీపి, సున్నం, వాటి అడుగున పాచినోటి కంపు. అంత తుడిచినా ఎక్కడ దాక్కుందో!

నాలుగోసారి పూర్తయింది. జాబితా వచ్చింది. ఎడమ. మధ్య. కుడి. వెనక ఎడమ. వెనక కుడి... కింద ఇంకొకటి. వెనక నడుమ.

నేను పెట్టింది ఐదు. లేచి వైర్లు లెక్కపెట్టాను. ఐదే. ఆరోదాని ఎదురుగా దూరం కూడా ఉంది. ఒక్క అడుగు. అంటే నాయన కుర్చీ వెనక, సరిగ్గా మెడ దగ్గర. అక్కడ గోడ కూడా లేదు, ఉత్త ఖాళీ.

అప్పుడే తలుపు తెరుచుకుంది. నాయన. మగ్గాలు ఆగిన రాత్రి ఆయనకు నిద్రపట్టదు. వినపడక కాదు, నేలలోంచి వచ్చే అదురు ఆగిపోతుంది కదా, అది తెలుస్తుంది. వచ్చి, బిందె తీసి పక్కన పెట్టి, తన కుర్చీలో కూర్చున్నాడు. కొత్త పెట్టె అని సైగ చేశాను. షెడ్డులో మోతకు అందరూ సైగలతోనే మాట్లాడుకునేవారు, మా ఇంట్లోనూ అదే అలవాటు. ఆయన తలూపాడు. తర్వాత... మెల్లగా... మెడ వెనక్కి తిప్పాడు.

"ఎవడురా గా ఉమ్మేటోడు?"

నాకు ఏమీ వినపడలేదు. ఎవరూ లేరని చెయ్యి ఊపాను. ఆయన నన్ను చూడటం లేదు. "నములుతుండు... కాండ్రిస్తుండు..." అన్నాడు. ఆగాడు. "ఆఁ. ఉమ్మిండు."

అంటూ భుజం తుడుచుకున్నాడు. తెల్ల బనీను మీద ఎర్రటి చుక్క. తడిగా. ఆ రోజు తుడిచిన గుడ్డలదే ఏదో అంటుకుందనుకున్నాను. కానీ అవి అప్పుడే చెత్తబండిలో వేశాను. బిందెకు ఉందేమోనని చూశాను. తళతళలాడుతోంది. ఒక్క ఉరుకున వెళ్ళి ప్లగ్గు పీకేశాను. పెట్టె మీద లైటు ఆరిపోయింది.

నాయన నవ్వాడు.

నా ముఖం చూసి కాదు. నేను నవ్వితే కదా! అందరికంటే ముందే, తనంతట తనే, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "ముచ్చట్లు మంచిగ చెప్తుండురా, గుజరాతీల" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

మర్నాడు పాత సామాన్లవాడిని పిలిచాను. నాయన పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"ఉండనీ. నాకు ఇనవడేది గిదొక్కటే."

సామాన్లవాడిని వెనక్కి పంపేశాను.

ఆ తర్వాత దానికి కరెంటు పెట్టలేదు. అయినా ప్రతి సెలవు రాత్రీ నాయన పైకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. తెల్లారి నేను బకెట్ పట్టుకుని వెళ్తాను. ఒక్కోసారి ఏమీ ఉండదు. ఒక్కోసారి కుర్చీ వెనక నేల మీద ఎర్రగా, జిగటగా... థూ. నాయన జన్మలో వక్కముక్క నోట్లో వేసుకుని ఎరగడు. స్లాబు కారుతోందేమోనని మేస్త్రీని పిలిపించాను, ఎక్కడా చెమ్మ లేదన్నాడు. నాయనే తెలియక ఏమైనా చేస్తున్నాడా అనీ అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. ఏమో, ఇప్పటికీ నాకు తెలియదు.

పోయిన సెలవు రాత్రి నన్నూ రమ్మన్నాడు. వద్దనలేకపోయాను. పక్కన కూర్చున్నాను. చీకటి. పెట్టె చల్లగా ఉంది. కంపు మాత్రం నా మెడ వెనకే ఉంది. నాయన కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. పగలబడి నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏందిరా, నీకు ఇనవడ్తలేదా?"

ఆ మాట మేం ఆయన్ని ఎన్ని వందలసార్లు అడిగి ఉంటాం! నాయన ముఖం చూశాను. ఒక్క క్షణం ఆలస్యంగా, నేనూ నవ్వాను.